లినక్స్ మీద నడిచిన సోర్స్ ఫ్రీబీఎస్‌డీ మీద ఎందుకు ఆగిపోతుంది

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో రెండింటిని ఉంచాం.)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది లాప్‌టాప్‌లో పైథాన్ ఉంటుంది. ఒక కమాండ్ కొట్టి తెచ్చుకుని ఉంటారు, లేదా ఇన్‌స్టాలర్ దించుకుని నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కి ఉంటారు. అందులో తప్పేమీ లేదు, నేను రోజూ చేసేదీ అదే. కానీ ఆ కమాండ్ పనిచేయాలంటే ముందుగా ఎవరో ఒకరు ఆ భాష సోర్స్ కోడ్ (మనుషులు రాసిన ప్రోగ్రామ్ పాఠం) తీసుకుని, మీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద కంపైల్ చేసి (మెషీన్ నడపగల రూపంలోకి మార్చి), టెస్టులు నడిపి, ప్యాకేజీ కట్టి పెట్టాలి. బిల్డ్ అనే ఆ పని గురించి ఇవాళ మాట్లాడతాను. అందులోనూ, ఆ భాషను రాసినవాళ్ళు రోజూ వాడే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటైతే, మనం బిల్డ్ చేసేది ఇంకోదాని మీద అయినప్పుడు ఏం జరుగుతుందన్నది చూద్దాం.

నేను చెప్పదలుచుకున్నది ఇది. ఏ భాష సోర్స్‌లోనైనా రెండు రకాల సంగతులు కలిసిపోయి ఉంటాయి. కొన్ని ఆ భాషకు సంబంధించినవి, కొన్ని దాన్ని రాసినవాళ్ళ మెషీన్‌కు సంబంధించినవి. అలాంటి మెషీనే మన దగ్గరా ఉన్నంతకాలం ఈ రెండూ విడివిడిగా కనిపించవు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీదికి తీసుకెళ్ళగానే ఆ రెండో రకం ఎర్రర్ల రూపంలో బయటపడుతుంది. వాటిని ఓపిగ్గా చదివితే భాష ఎక్కడ ఆగుతుందో, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడ మొదలవుతుందో కళ్ళారా చూడొచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న ఆ గీతను చేత్తో తాకి చూసే అవకాశం ఇదొక్కటేనని నా అభిప్రాయం.

ఉదాహరణకు నేను ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసుకుంటాను. బర్క్‌లీ యూనిక్స్ వంశంలోంచి 1993లో వచ్చింది. టెర్మినల్ తెరిస్తే లినక్స్ లాగే కనిపిస్తుంది, అవే కమాండ్లు, అదే తీరు. అసలు తేడా లోపల ఉంది. లినక్స్ అంటే కెర్నల్ ఒక్కటే, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే నడిమి భాగం. సి లైబ్రరీ (ప్రోగ్రాములు పిలిచే సిద్ధ ఫంక్షన్ల మూట), కంపైలర్, మేక్ (బిల్డ్‌ను వరసగా నడిపేది), సెడ్ (టెక్స్ట్‌ను మార్చేది), షెల్ (మన కమాండ్లు అందుకునేది) ఇవన్నీ వేర్వేరు ప్రాజెక్టుల నుంచి తెచ్చి పేరుస్తారు, వాటిలో ఎక్కువ భాగం గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్ళవి. ఫ్రీబీఎస్‌డీలో కెర్నల్, సి లైబ్రరీ, మేక్, సెడ్ అన్నీ ఒకే సోర్స్ చెట్టులో పెరుగుతాయి. బయటి నుంచి వేసుకున్నదంతా విడిగా యూఎస్ఆర్ లోకల్ అనే డైరెక్టరీ కింద ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, రాబోయే తలనొప్పుల్లో సగం దీనివల్లే వస్తాయి.

మొదట చిన్న భాషతో మొదలుపెడదాం. లువా 1993లో బ్రెజిల్‌లో, రియో డి జనీరోలోని పీయూసీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. మొత్తం సి సోర్స్ సుమారు 30,000 లైన్లు. పూర్తిగా ప్రామాణిక సి భాషలో, ఎక్కడా ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడకుండా రాయడానికి దాని రచయితలు పట్టుబట్టి కూర్చున్నారు. అందుకే అది గేముల్లో, రౌటర్లలో, ఎక్కడపడితే అక్కడ దూరింది. 2018 డిసెంబరులో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 12 నుంచి బూట్ లోడర్‌లో కూడా లువానే నడుస్తోంది. అంటే కెర్నల్ ఇంకా లేవకముందే లువా లేచి కూర్చుంటుంది.

దాని సోర్స్ డైరెక్టరీలో మేక్ కోసం సూచనలు రాసిన మేక్‌ఫైల్ ఒకటుంటుంది. చాలామంది దాన్ని తెరవరు. దయచేసి తెరవండి, చిన్న ఫైలే. అందులో లినక్స్ అని ఒక టార్గెట్ (ఏ సిస్టమ్ కోసం కట్టాలో చెప్పే భాగం), ఫ్రీబీఎస్‌డీ అని ఒక టార్గెట్, మ్యాక్, సొలారిస్, ఏఐఎక్స్ అని మరికొన్ని ఉంటాయి. లినక్స్ లైనునూ ఫ్రీబీఎస్‌డీ లైనునూ పక్కపక్కన పెట్టి చదవండి. తేడాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండవు, కానీ ఒక్కోదాని వెనక ఒక్కో కథ ఉంది.

మొదటి తేడా కంపైలర్ పేరు. మేక్‌ఫైల్ పైభాగంలో గ్నూ వాళ్ళ కంపైలర్ పేరు, జీసీసీ అని రాసి ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ టార్గెట్ మాత్రం దాన్ని తీసేసి సీసీ అని పెడుతుంది. ఎందుకంటే 2014 జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 10 నుంచి అక్కడ మామూలు కంపైలర్ క్లాంగ్ అనే వేరొకటి. మీరు అలవాటు ప్రకారం అక్కడ ‘మేక్ లినక్స్’ అని కొడితే, జీసీసీ దొరకలేదని మొదటి అడుగులోనే ఆగిపోతుంది. సోర్స్‌లో ఒక్క అక్షరం తప్పు లేదు. యూనిక్స్ అంతటా సి కంపైలర్‌కు సీసీ అనే పేరు ఎప్పటినుంచో ఉంది, జీసీసీ అనేది ఒకానొక కంపైలర్ పేరు.

రెండో తేడా డీఎల్ అనే లైబ్రరీ. ప్రోగ్రామ్ నడుస్తుండగా బయటి లైబ్రరీని లోపలికి తెచ్చుకోవడానికి డీఎల్‌ఓపెన్ అనే ఫంక్షన్ వాడతారు. లినక్స్‌లో అది చాలాకాలం డీఎల్ అనే విడి లైబ్రరీలో ఉండేది, అందుకే కంపైల్ అయిన ముక్కలను కలిపే లింకర్‌కు ఆ పేరు చెప్పాలి. ఫ్రీబీఎస్‌డీలో దాని పేరు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఆ ఫంక్షన్ సి లైబ్రరీ లింక్ చేస్తేనే వచ్చేస్తుంది. తమాషా ఏమిటంటే 2021 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్‌లో వాడే సి లైబ్రరీ) 2.34లో లినక్స్ వాళ్ళు కూడా డీఎల్‌ను సి లైబ్రరీలోనే కలిపేశారు. అయినా మేక్‌ఫైల్లో ఆ లైను అలాగే ఉంది, ఎందుకంటే పాత లినక్స్‌లు ఇంకా నడుస్తున్నాయి.

మూడోది లైన్ ఎడిటింగ్. పై బాణం నొక్కితే పాత కమాండ్ రావడానికి గ్నూ వాళ్ళ రీడ్‌లైన్ బదులు బీఎస్‌డీలో ఎడిట్‌లైన్ అనే లైబ్రరీ ఉంటుంది, దాని హెడర్లు (ఫంక్షన్లను ప్రకటించే ఫైళ్ళు) ఎడిట్ అనే సబ్ డైరెక్టరీలో ఉంటాయి. ఆ దారి కూడా ఆ లైనులోనే రాసి ఉంది. అంతే. ఈ కొద్దిపాటి తేడా తప్ప మిగతా 30,000 లైన్లూ యథాతథంగా కంపైల్ అవుతాయి. ఒక భాషను ఇంత శుభ్రంగా రాయొచ్చని చూశాక, మిగతావి ఎక్కడ అశుభ్రం అయ్యాయో మనకే అర్థమవుతుంది. అందుకే మొదట లువా చేయమంటాను.

ఇప్పుడు పనిముట్ల సంగతి. చాలా భాషల బిల్డ్ కంపైలర్ దాకా వెళ్ళకముందే ఆగిపోతుంది. మధురవాడలో ఒక ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి పక్కన కూర్చుని నేను చూసిన సంగతి చెబుతాను. అతను బిల్డ్ స్క్రిప్టును నడిపిస్తున్నాడు, షెల్ ఏమో అలాంటి ఫైల్ లేదు అంటోంది. డైరెక్టరీ లిస్టు చూస్తే ఫైల్ కళ్ళముందే ఉంది. పర్మిషన్లు సరిగ్గా ఉన్నాయి. పేరు మార్చి చూశాడు, మళ్ళీ దించుకున్నాడు, డిస్క్ పాడైందేమో అన్నాడు. ఇలాంటప్పుడు చూడాల్సింది స్క్రిప్టులో మొట్టమొదటి లైను. అక్కడ బిన్ బ్యాష్ అని, బ్యాష్ అనే షెల్ ఉండే దారి రాసి ఉంది. ఫ్రీబీఎస్‌డీతో పాటు బ్యాష్ రాదు. ప్యాకేజీగా వేసుకుంటే యూఎస్ఆర్ లోకల్ బిన్‌లోకి వస్తుంది. కెర్నల్ ఆ మొదటి లైను చదివి, అక్కడ చెప్పిన ఇంటర్‌ప్రెటర్ కోసం వెతికి, లేదని చెప్పింది. షెల్ ఆ జవాబును మన స్క్రిప్టు పేరుతో ప్రింట్ చేసింది. దొరకనిది బ్యాష్, నింద పడింది స్క్రిప్టు మీద. ఆ లైనులో ఎన్వ్ అనే కమాండ్ ద్వారా బ్యాష్‌ను వెతకమని రాస్తే రెండు చోట్లా పనిచేస్తుంది. అసలు బ్యాష్ ప్రత్యేకతలేవీ వాడని స్క్రిప్టుకు మామూలు ఎస్‌హెచ్ చాలు.

మేక్ కూడా అంతే. ఫ్రీబీఎస్‌డీలో మేక్ అంటే బీఎస్‌డీ మేక్. గ్నూ మేక్ కావాలంటే జీమేక్ అనే పేరుతో విడిగా వేసుకోవాలి. ఇఫ్ఈక్యూ లాంటి గ్నూ షరతులు రాసిన మేక్‌ఫైల్‌ను బీఎస్‌డీ మేక్‌కు ఇస్తే దానికి ఆ వాక్యం అర్థం కాదు, లైన్ నంబర్ చెప్పి ఆగుతుంది. సెడ్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఫైల్‌ను అక్కడికక్కడే మార్చమని చెప్పే ఐ ఆప్షన్‌కు బీఎస్‌డీలో బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి. అది ఇవ్వకపోతే మీరు రాసిన మార్పు సూత్రాన్నే ఎక్స్‌టెన్షన్ అనుకుంటుంది, ఫైల్ పేరును కమాండ్ అనుకుంటుంది. వచ్చే ఎర్రర్‌కూ మీరు చేసిన పనికీ సంబంధం ఉన్నట్టే కనిపించదు. మ్యాక్ వాడేవాళ్ళకు ఈ సెడ్ బాధ ముందే తెలిసి ఉంటుంది, అక్కడున్నదీ ఆ వంశమే.

ఇక పైథాన్. గిడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో మొదలుపెట్టాడు, 1991 ఫిబ్రవరిలో మొదటిసారి జనంలోకి వచ్చింది. మనం మామూలుగా పైథాన్ అనేది సి భాషలో రాసిన సీపైథాన్‌ను. దాని సోర్స్ విప్పగానే కాన్ఫిగర్ అనే స్క్రిప్టు కనిపిస్తుంది. దాన్ని నడిపితే చెకింగ్ ఫర్ ఇది, చెకింగ్ ఫర్ అది అంటూ స్క్రీన్ నిండా లైన్లు పరుగెడతాయి, చాలామంది ఆ టైములో ఫోన్ చూసుకుంటారు. ఆ లైన్లలో జరుగుతున్నది నాకు ఎంతో ఇష్టమైన పని, అందుకని కాస్త ఆగి చెబుతాను.

ఈ పద్ధతికి పేరు ఆటోకాన్ఫ్, 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టాడు. ముందు ఒక చిన్న స్క్రిప్టు మీ మెషీన్ ప్రాసెసర్ ఏమిటి, ఆపరేటింగ్ సిస్టమ్ ఏమిటి, దాని వెర్షన్ ఏమిటి అని కనుక్కుంటుంది. ఆ తర్వాత కాన్ఫిగర్ చేసే తెలివైన పని ఏమిటంటే, సిస్టమ్ పేరును బట్టి అన్నీ ఊహించేసుకోదు. కాన్ఫ్‌టెస్ట్ అనే పేరుతో నాలుగైదు లైన్ల సి ప్రోగ్రామ్ ఒకటి అప్పటికప్పుడు రాస్తుంది. ఫలానా హెడర్‌ను చేర్చుకుని, ఫలానా ఫంక్షన్‌ను పిలుస్తుంది. కంపైల్ అయ్యిందా, లింక్ అయ్యిందా అని చూస్తుంది. అయితే ‘ఎస్’, కాకపోతే ‘నో’. ఆ చిన్న ప్రోగ్రామ్‌ను చెరిపేసి ఇంకోటి రాస్తుంది. ఇలా వందలసార్లు. చివరికి వచ్చిన జవాబులన్నీ ఒక హెడర్ ఫైల్లోకి చేరతాయి, సీపైథాన్ సోర్స్ అంతా ఆ హెడర్‌ను చూసి ఈ ఫంక్షన్ ఉంది, ఇది లేదు అని నడుచుకుంటుంది.

ఎక్కడైనా మీరు ఉందనుకున్నదానికి నో వస్తే కాన్ఫిగ్ లాగ్ ఫైల్ తెరవండి. ఆ చిన్న ప్రోగ్రామ్ మొత్తం, దాన్ని కంపైల్ చేసిన కమాండ్, కంపైలర్ తిట్టిన తిట్టు అన్నీ అందులో ఉంటాయి. ఫ్రీబీఎస్‌డీ మీద తరచుగా కనిపించేది హెడర్ దొరకలేదన్న ఎర్రర్. పైథాన్ వాడుకునే లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, ఎస్‌క్యూలైట్ లాంటి లైబ్రరీలు ప్యాకేజీగా వేసుకున్నారనుకోండి. అవి యూఎస్ఆర్ లోకల్ ఇంక్లూడ్‌లోకి వెళ్తాయి. అక్కడి క్లాంగ్ తనంతట తాను ఆ డైరెక్టరీలో వెతకదు, ఎందుకంటే మూల సిస్టమ్ వేరు, వేసుకున్నవి వేరు అన్నది దాని పద్ధతి. కాబట్టి లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీకాన్ఫ్ కూడా వేసుకోవాలి, లేదా హెడర్ల దారి, లైబ్రరీల దారి కాన్ఫిగర్‌కు మనమే చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుంది? ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. బిల్డ్ ఆగదు. మేక్ చివరిదాకా వెళ్తుంది, పైథాన్ పుడుతుంది, రెండు రెళ్ళు నాలుగు అంటుంది. కానీ చివర్లో, ఈ ఐచ్ఛిక మాడ్యూళ్ళకు కావలసినవి దొరకలేదు అంటూ ఒక జాబితా ప్రింట్ చేస్తుంది. మనం సంతోషంలో దాన్ని చూడం. వారం తర్వాత ఎవరో ఎస్‌క్యూలైట్‌ను ఇంపోర్ట్ చేస్తే మాడ్యూల్ లేదంటుంది. పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో వేసుకుందామని తిప్పలు పడతారు, అది పిప్‌తో వచ్చేది కాదు, బిల్డ్ రోజునే రావాల్సింది. అందుకే బిల్డ్ అయ్యిందని ఎవరైనా అంటే నేను అడిగేది ఆ జాబితా గురించీ, మేక్ టెస్ట్ ఫలితం గురించీ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడండి, సిస్టమ్‌లో అప్పటికే ఉన్న పైథాన్3 పేరును అది తొక్కేయదు.

మ్యాక్ మీద సీపైథాన్ బిల్డ్ చేసినవాళ్ళకు ఒక వింత కనబడుతుంది. బిల్డ్ డైరెక్టరీలో తయారైన ఫైల్ పేరు పైథాన్ డాట్ ఈఎక్స్ఈ. విండోస్ వాసన ఎక్కడినుంచి వచ్చిందని కంగారు పడతారు. సంగతేమిటంటే సోర్స్‌లో పెద్ద ‘పీ’తో పైథాన్ అనే డైరెక్టరీ ఒకటుంది. మ్యాక్ ఫైల్ సిస్టమ్ మామూలుగా పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోదు. అదే చోట చిన్న ‘పీ’తో పైథాన్ అనే ఫైల్ పుట్టలేదు. అందుకని తోక తగిలించారు.

ఫైల్ పేర్ల దగ్గరే తెలుగువాళ్ళకు నేరుగా తగిలే సంగతి ఇంకోటుంది. ‘పైథాన్’ అని తెలుగులో ఒక ఫైల్‌కు పేరు పెట్టండి. అందులో ఐత్వం యూనికోడ్‌లో ఒక్క గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు ముక్క అని రెండు గుర్తులుగా విడదీసి రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ మీరు ఇచ్చిన బైట్లనే దాచి, వాటినే తిరిగి ఇస్తాయి. మ్యాక్‌లో 2017 ముందు ఉన్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేరును విడదీసి దాచేది. ఆరు గుర్తుల పేరు రాసి డైరెక్టరీ చదివితే ఏడు గుర్తులతో తిరిగొచ్చేది. రాసిన పేరూ చదివిన పేరూ సమానమా అని అడిగితే ప్రోగ్రామ్ కాదంటుంది. ఇంగ్లిష్ పేర్లతోనే టెస్టులు రాసేవాళ్ళకు ఇది జన్మలో దొరకదు. మీరు టెస్టులు నడిపేటప్పుడు ఒక్క తెలుగు పేరున్న డైరెక్టరీలో కూడా నడిపి చూడండి, అది మనం మాత్రమే చేయగల సాయం.

సరే, బిల్డ్ అయ్యింది. ఇప్పుడు భాష నడవాలి. నడిచే ప్రతి భాషకూ మొదటి క్షణంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: నేను ఏ డైరెక్టరీలో ఉన్నాను? తన స్టాండర్డ్ లైబ్రరీ ఎక్కడుందో కనుక్కోవాలంటే ముందు తానెక్కడుందో తెలియాలి. లినక్స్ మీద రాసేవాళ్ళు ప్రాక్ సెల్ఫ్ ఈఎక్స్ఈ అనే లింకును చదివేస్తారు, ఒక్క లైను పని. ఫ్రీబీఎస్‌డీలో ప్రాక్ ఫైల్ సిస్టమ్ మామూలుగా మౌంట్ అయి ఉండదు. అక్కడ కెర్నల్‌ను సిస్‌కంట్రోల్ ద్వారా అడగాలి. మ్యాక్‌లో దానికి వేరే ఫంక్షన్, విండోస్‌లో ఇంకోటి. బీఎస్‌డీ వంశంలోదే అయిన ఓపెన్‌బీఎస్‌డీలో అయితే నమ్మదగిన మార్గమే లేదు. ఎందుకంటే నడుస్తున్న ఫైల్‌ను చెరిపేయొచ్చు, పేరు మార్చొచ్చు, దానికే రెండు పేర్లు ఉండొచ్చు. అప్పుడు ఏ జవాబు సరైనది? సీపైథాన్ దీనికి పాత పద్ధతే పట్టుకుంది: తనను ఏ పేరుతో పిలిచారో చూస్తుంది, పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) వెతుక్కుంటుంది, అక్కణ్ణుంచి పైకి నడుస్తూ ఓఎస్ డాట్ పీవై అనే ఫైల్ ఎక్కడ కనిపిస్తే అదే తన లైబ్రరీ అని గుర్తుపడుతుంది. చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ ఓపెన్‌బీఎస్‌డీ మీద కూడా పనిచేస్తుంది. ఒక్క లైనులో అయిపోయే దారి దొరికినప్పుడల్లా, అది ఎవరి ఇంట్లో దారి అని అడగడం అలవాటు చేసుకోవాలి.

ఇంకా లోతుకు వెళ్తే సిస్టమ్ కాల్స్ ఉంటాయి, అంటే ప్రోగ్రాములు కెర్నల్‌ను పని అడిగే పిలుపులు. ఇక్కడ గో భాష అనుభవం అందరూ తెలుసుకోదగ్గది. గో తన ప్రోగ్రాముల్లో సి లైబ్రరీని పక్కనపెట్టి నేరుగా కెర్నల్‌తో మాట్లాడేది. లినక్స్‌లో అది చెల్లుతుంది, ఎందుకంటే సిస్టమ్ కాల్ నంబర్లు, వాటి తీరు మార్చబోమని లినక్స్ కెర్నల్ మాటిచ్చింది. మిగతా చాలా సిస్టమ్‌లు ఆ మాట ఇవ్వలేదు. వాళ్ళ దృష్టిలో ప్రోగ్రాములు సి లైబ్రరీతో మాట్లాడాలి, దాని వెనక కెర్నల్‌తో ఏం మాట్లాడుకుంటారన్నది వాళ్ళ ఇంటి విషయం. 2016లో మ్యాక్ సియెర్రా వచ్చినప్పుడు టైమ్ అడిగే సిస్టమ్ కాల్ తీరు మారింది, అప్పటికే బిల్డ్ చేసి ఉన్న గో ప్రోగ్రాములు కూలిపోయాయి. 2018లో వచ్చిన గో 1.11 నుంచి మ్యాక్‌లో రన్‌టైమ్ సిస్టమ్ లైబ్రరీ ద్వారా వెళ్ళడం మొదలుపెట్టింది. 2021లో 1.16తో ఓపెన్‌బీఎస్‌డీలోనూ అదే చేశారు. ఓపెన్‌బీఎస్‌డీ అయితే సెక్యూరిటీ కోసం ఆ దారినే క్రమంగా మూసేస్తూ వచ్చింది. ఇందులో గో వాళ్ళది తప్పు, ఆపిల్‌ది ఒప్పు అని నేను అనను. ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చారు అన్నది ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటుంది, ఆ మాట ఎక్కడ రాసుందో వెతికి చదవడం మన పని.

ఇప్పుడు అన్నింటికన్నా విచిత్రమైన చిక్కు. లువాకు, పైథాన్‌కు సి కంపైలర్ ఉంటే చాలు. కానీ గో కంపైలర్ గోలోనే రాశారు, రస్ట్ కంపైలర్ రస్ట్‌లోనే రాశారు. పెరుగు కావాలంటే తోడు కావాలి, తోడు అంటే మళ్ళీ పెరుగే. ఆ తోడు ఇరుగింటి నుంచి తెచ్చుకోవాలి. రస్ట్ మొదటి కంపైలర్‌ను గ్రేడన్ హోర్ ఓకామెల్ భాషలో రాశాడు. 2011లో రస్ట్ తనను తాను కంపైల్ చేసుకుంది, ఓకామెల్ పక్కకు తప్పుకుంది. అప్పటినుంచి ప్రతి వెర్షన్‌నూ దాని ముందు వెర్షన్‌తో బిల్డ్ చేస్తారు. గో కంపైలర్ మొదట్లో సి భాషలో ఉండేది. 2015 ఆగస్టులో 1.5 వచ్చినప్పుడు దాన్ని గోలోకి మార్చారు, అందుకని 1.5ను బిల్డ్ చేయాలంటే 1.4 ఉండాలి. ఈ మెట్లు అక్కడక్కడ ఎత్తు పెరుగుతుంటాయి. 1.22 కావాలంటే కనీసం 1.20 ఉండాలి.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఏ వెర్షనూ లేనప్పుడు తోడు ఎక్కణ్ణుంచి వస్తుంది? లినక్స్ మెషీన్ మీద కూర్చుని అవతలి సిస్టమ్‌కు పనికొచ్చే కంపైలర్‌ను తయారుచేయాలి. దీన్నే క్రాస్ కంపైల్ అంటారు. గో సోర్స్‌లో బూట్‌స్ట్రాప్ అనే స్క్రిప్టు అచ్చంగా ఇందుకే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, ప్రాసెసర్ పేరు చెబితే అవతల విప్పుకోవడానికి సిద్ధంగా ఒక మూట కట్టి ఇస్తుంది. దాన్ని కాపీ చేసుకెళ్ళి, అక్కడ దాంతో అసలు గోను మళ్ళీ సోర్స్ నుంచి బిల్డ్ చేస్తారు. జీసీసీ ఇంకో జాగ్రత్త తీసుకుంటుంది. పాత కంపైలర్‌తో కొత్తదాన్ని, ఆ కొత్తదాంతో మళ్ళీ దాన్నే, దాంతో ఇంకోసారి బిల్డ్ చేసి, చివరి రెండింటి ఆబ్జెక్ట్ ఫైళ్ళూ బైట్ బైట్ సరిపోలాలంటుంది. సరిపోలకపోతే ఎక్కడో కంపైలర్ తప్పుడు కోడ్ రాసిందని అర్థం.

ఆ మొదటి తోడులోనే విషం ఉంటే? ఈ ప్రశ్న యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ అవార్డు అందుకున్న సందర్భపు ప్రసంగంలో వేశాడు, అది 1984లో అచ్చయింది. లాగిన్ ప్రోగ్రామ్‌లో దొంగ తలుపు పెట్టే కంపైలర్, తనను తాను కంపైల్ చేసుకునేటప్పుడు ఆ దొంగతనాన్ని కూడా కొత్త కంపైలర్‌లోకి ఎక్కిస్తే, సోర్స్ ఎంత చదివినా ఏమీ కనబడదు. దీనికి జవాబుగా కొంతమంది ఏళ్ళ తరబడి చేసిన పని నన్ను నిజంగా కదిలించింది. 2023లో గూయిక్స్ అనే ప్యాకేజీ వ్యవస్థ ప్రాజెక్టు వాళ్ళు 357 బైట్ల చిన్న ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా అసెంబ్లర్, చిన్న సి కంపైలర్, పాత జీసీసీ, కొత్త జీసీసీ, ఆపైన మొత్తం సిస్టమ్‌ను సోర్స్ నుంచే కట్టి చూపించారు. 357 బైట్లంటే ఒక మనిషి కూర్చుని కాగితం మీద సరిచూడగలిగినంత. 

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక విద్యార్థి: మేడమ్, మా అందరివీ విండోస్ లాప్‌టాప్‌లే. ఫ్రీబీఎస్‌డీ వేస్తే ఉన్నదంతా పోతుందేమోనని టెన్షన్. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లో చేస్తే చాలదా?)

మంచి ప్రశ్న. లాప్‌టాప్‌ను ముట్టుకోవద్దు నాయనా. వర్చువల్ మెషీన్ వేసుకో, అంటే విండోస్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్. ఫ్రీబీఎస్‌డీ వాళ్ళే తయారు డిస్క్ ఇమేజ్‌లు ఇస్తారు, ఇన్‌స్టాల్ చేసే పని కూడా ఉండదు. లువా, పైథాన్‌లకు మామూలు లాప్‌టాప్ చాలు. రస్ట్ మాత్రం అందులో పెట్టుకోకు, మెమరీ చాలక మధ్యలో చచ్చిపోతుంది. డబ్ల్యూఎస్ఎల్ 2 సంగతంటావా, అందులో నడిచేది అసలు లినక్స్ కెర్నలే. అక్కడ చేస్తే లినక్స్ మీద చేసినట్టే, మనం మాట్లాడుకున్న గీత ఏదీ కనబడదు. విండోస్ మీదే నేరుగా బిల్డ్ చేయాలనుంటే అదీ మంచి పాఠమే. సీపైథాన్‌లో దానికి విడిగా పీసీబిల్డ్ అనే డైరెక్టరీ ఉంది, విజువల్ స్టూడియో కంపైలర్ కావాలి. అక్కడ కాన్ఫిగర్ నడవదు, ఏముంది ఏం లేదు అన్న జవాబుల హెడర్‌ను మనుషులే రాసి పెట్టారు. ఆ హెడర్‌నూ, ఫ్రీబీఎస్‌డీలో నీకు తయారైన హెడర్‌నూ పక్కపక్కన పెట్టి చదువు. 64 బిట్ విండోస్‌లో లాంగ్ అనే రకం నాలుగు బైట్లు, యూనిక్స్‌లలో ఎనిమిది. నడుస్తున్న ప్రోగ్రామ్‌కు ఇంకో నకలు పుట్టించే ఫోర్క్ అనేదే అక్కడ లేదు. ఒక సాయంత్రం గడిచిపోతుంది.

(ఒక విద్యార్థిని: మేడమ్, బిల్డ్ ఎర్రర్‌కు మేం సొంతంగా పరిష్కారం కనుక్కుంటే దాన్ని ఆ భాష అసలు ప్రాజెక్టు వాళ్ళు తీసుకుంటారా? మేం స్టూడెంట్స్ కదా.)

తీసుకుంటారమ్మా. ప్యాచ్ (పంపిన సవరణ) చూసేవాళ్ళు నువ్వెవరన్నది చూడరు, అది సరిగ్గా ఉందా అని చూస్తారు. పైథాన్‌లో ఏ ప్లాట్‌ఫారమ్‌కు ఎంత మద్దతన్నది అంచెలుగా రాసిపెట్టారు. ఫ్రీబీఎస్‌డీది మూడో అంచె. అంటే బిల్డ్ నడిపి చూసే మెషీన్ ఒకటుండాలి, బాధ్యత తీసుకునే కోర్ డెవలపర్ ఒకరుండాలి, కానీ అక్కడ విరిగితే రిలీజ్ ఆగదు. అలాంటి చోట ఒక్క మనిషి పంపిన మంచి రిపోర్టుకు ఎంతో విలువ ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్ చెట్టు (బయటి సాఫ్ట్‌వేర్‌ను బిల్డ్ చేసే సూచనలన్నీ ఉన్న చోటు) దించుకుని ఏదైనా భాష డైరెక్టరీలో ఫైల్స్ అనే ఫోల్డర్ చూడు. అసలు సోర్స్‌లోకి ఇంకా చేరని సవరణలన్నీ అక్కడ చిన్న చిన్న ప్యాచ్‌లుగా ఉంటాయి. వాటిలో ఒకదాన్ని అర్థం చేసుకుని, అసలు ప్రాజెక్టుకు చేర్చే ప్రయత్నం చేయడమే మంచి మొదటి పని.

రాసేటప్పుడు ఒకటి చూసుకో. ‘ఇది లినక్స్ అయితే ఇలా చేయి, కాకపోతే ఎర్రర్ ఇవ్వు’ అన్న కోడ్ కనబడితే, దానికి ‘ఫ్రీబీఎస్‌డీ అయినా ఇలా చేయి’ అని ఇంకో పేరు తగిలించాలనిపిస్తుంది. అప్పటికి పని జరుగుతుంది. రేపు నెట్‌బీఎస్‌డీ వాళ్ళు వచ్చి ఇంకో పేరు తగిలిస్తారు. దాని బదులు ఆ ఫంక్షన్ ఉందా లేదా అని కాన్ఫిగర్‌లో ఒక పరీక్ష పెట్టు. మెమరీ తెచ్చిపెట్టే మాల్లాక్ ఫంక్షన్ హెడర్ సంగతే చూడు. లినక్స్ మీద రాసినవాళ్ళు మాల్లాక్ డాట్ హెచ్ చేర్చేస్తారు. ఫ్రీబీఎస్‌డీలో ఆ పేరుతో ఫైల్ ఉంది, కానీ దాన్ని చేర్చగానే ‘ఎస్‌టీడీలిబ్ వాడండి’ అని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఇక్కడ షరతులేవీ అక్కర్లేదు. మాల్లాక్ ఎస్‌టీడీలిబ్‌లో ఉంటుందని సి ప్రమాణమే చెబుతోంది కాబట్టి ఆ లైను మార్చేస్తే అన్ని చోట్లా సరిపోతుంది. ప్యాచ్ ఒక్క లైను.

రిపోర్టులో ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, కంపైలర్ వెర్షన్, నువ్వు కొట్టిన కమాండ్ యథాతథంగా, వచ్చిన ఎర్రర్లలో మొట్టమొదటిది రాయి. చివరిది రాయకు. చివరిది మేక్ ఆగిపోయానని చెప్పే మాట మాత్రమే, కారణం ఎక్కడో నలభై లైన్ల పైన ఉంటుంది. స్క్రీన్ ఫోటో తీసి పెట్టకు, టెక్స్ట్‌గా అతికించు. సవరణ తర్వాత టెస్టులు నడిపి, లినక్స్ మీద కూడా ఏదీ విరగలేదని చూసి, ఆ సంగతి కూడా రాయి. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు, అవతల ఉన్నవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ చూసేవాళ్ళు. పది రోజులకోసారి మర్యాదగా గుర్తుచేయి.

ఫ్రీబీఎస్‌డీ ఇమేజ్, లువా సోర్స్, పైథాన్ సోర్స్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. వెనక టేబుల్ దగ్గర ఉంటాను, కావలసినవాళ్ళు కాపీ చేసుకోండి. లాప్‌టాప్ తెచ్చినవాళ్ళు లువా ఇక్కడే మొదలుపెట్టండి, ఎర్రర్ వస్తే పిలవండి, కలిసి చదువుదాం.